ఏసీ బడికి అప్పు, వాడ బడికి తాళం

ఏప్రిల్ దాటిందంటే మన ఉద్యోగుల కాలనీల్లో ఒకటే ముచ్చట. ఎవరి పిల్లను ఏ స్కూల్లో వేశారు, డొనేషన్ ఎంత కట్టారు, బస్సు ఏసీదా మామూలుదా, కొత్త బిల్డింగుకు లిఫ్టు ఉన్నదా లేదా. అంబేద్కర్ జయంతి ఖర్చుల లెక్క తేల్చుకుందామని కూర్చున్నా పావుగంటలో మాట అక్కడికే పోతున్నది. ఒకాయన తమ పిల్లల బళ్లో స్విమ్మింగ్ పూల్ ఉందంటాడు. ఇంకొకాయన గుర్రపు స్వారీ నేర్పుతున్నారంటాడు. మూడో ఆయన ఏమీ అనడు. ఇంటికి పోయి చిట్టీ ఎత్తుతాడు.

ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఆ మూడో మనిషి మేమే. సర్కారు బళ్లో పాఠం చెప్పి జీతం తీసుకునే మేము మా పిల్లను సర్కారు బడికి పంపడం లేదు. యూకేజీ పిల్లకు ఒక ఏడాదికి కట్టిన ఫీజు, మేము డిగ్రీ, బీఎడ్ కలిపి చదివిన ఖర్చు కంటే ఎక్కువ. ఈ సంగతి బయటికి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అయినా చెప్పాలి. మనలో మనమే చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు?

మనం ఎక్కడ చదివినం? వాడ బళ్లో, రెండు మూడు తరగతులకు ఒకే పంతులు దగ్గర. ఆ తర్వాత ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని సాంఘిక సంక్షేమ హాస్టల్‌కు పోయినం. మన అమ్మానాయినలు వేలిముద్ర మనుషులు. ఏ బడి మంచిది, ఏ బడి గొప్పది అని ఎంచుకునే దారి వాళ్లకు లేదు. పోరడు బడికి పోతే చాలు, పశువుల కాడికి పోకుంటే చాలు అనుకున్నరు. ఆ ఒక్క ఆశ మీదనే మనం ఇవాళ ఫ్యాను కింద కూర్చున్నం.

ఆ కష్టాన్ని గొప్ప చేసి చూపడం మా ఉద్దేశం కాదు. బాబాసాహెబ్ చిన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చుని చదివాడు. ప్యూను వచ్చి పోస్తే తప్ప నీళ్లు దొరికేవి కాదు. ఇది చెప్పి, "ఆయన గోనెపట్టా మీద చదవలేదా, మీ పిల్లలకు బెంచీలెందుకు?" అనే పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ల మాట వేరు, మన మాట వేరు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఏమేం ఉండాలో రాసిపెట్టింది. అన్ని కాలాలకు ఆగే భవనం, టీచరుకొక గది, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీళ్లు, వంటగది, ఆటస్థలం, గ్రంథాలయం. ఇది మన హక్కు. ఇందులో ఒక్కటి తగ్గినా కొట్లాడాలి. ఏసీ గది, ఈతకొలను, గుర్రం మాత్రం ఆ జాబితాలో లేవు. అవి అంగడి సరుకు. ఆ సరుకు కొనే తొందరలో మనం హక్కును వదిలేస్తున్నం.

ఆ అంగడిలో మన డబ్బు ఎటు పోతున్నదో ఎప్పుడన్నా అడిగామా? ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలని 1994లోనే జీవో నెంబర్ 1 వచ్చింది. యాజమాన్యం ఆదాయంగా తీసుకోదగింది 5 శాతం అని కూడా అందులో రాశారు. ఇప్పుడు మీ పిల్ల క్లాసు టీచరును మెల్లగా అడిగి చూడండి, జీతం ఎంతని. ఆ టీచరు ఎవరో కాదు. మన వాడ నుంచి బీఎడ్ చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న మన తమ్ముడో చెల్లెనో. క్లాసులో ఏసీ చల్లగానే ఉంటది. పాఠం చెప్పే మనిషి ఇంట్లో పొయ్యి కూడా చల్లగానే ఉంటది.

2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడ్డప్పుడు ఈ భాగోతం అందరూ చూశారు. ఫీజులు పెంచొద్దని, నెలనెలా ట్యూషన్ ఫీజు ఒక్కటే తీసుకోవాలని ఆ ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇవ్వాల్సి వచ్చింది. ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పోయి మట్టి తవ్వారు. చివరికి 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వమే వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మనం కట్టిన ఫీజుల్లో సగం నిజంగా వాళ్లకే పోయి ఉంటే ఆ బియ్యం సంచి కోసం వరుసలో నిలబడే గతి పట్టేదా?

ఇంత తెలిసీ ఎందుకు పోతున్నం? ఇంగ్లీషు కోసం అంటారు. ఇంగ్లీషు మనకు కావాల్సిందే, అందులో వాదం లేదు. కానీ తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలోనూ 1 నుంచి 8 దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. అది సరిగ్గా నడుస్తున్నదా అని అడగాల్సింది పోయి, మనం అటు చూడడమే మానేసినం.

అసలు కారణం ఇంకొకటి ఉన్నది. మనం పడ్డ అవమానం మన పిల్లలు పడొద్దు. ఫీజు కడితే కులం వెనక్కు పోతదని లోపల ఒక ఆశ. పక్క సీటులో రెడ్డిగారి మనవడు, షావుకారు కూతురు కూర్చుంటే మనమూ వాళ్లతో సమానమైనట్టే అనుకుంటున్నం. కులం అంత తేలికగా పోతే బాబాసాహెబ్ అన్ని పుస్తకాలు ఎందుకు రాస్తాడు? అక్కడ అది వేరే దారిన వస్తది. మీ ఇల్లు ఎక్కడ అని అడుగుతది. పుట్టినరోజుకు క్లాసు మొత్తానికి ఏం గిఫ్టు పంచావని అడుగుతది. పోయినేడు పేరెంట్స్ మీటింగు ముందురోజు మా పిల్ల మెల్లగా వచ్చి, "నాయనమ్మను తీస్కరావొద్దు డాడీ" అన్నది. ఆ నాయనమ్మే నాట్లకు పోయి తెచ్చిన కూలితో మా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది. మేము లక్ష పోసి కొన్న చదువు నేర్పిన మొదటి పాఠం ఇదీ.

ఇక వెనక మిగిలిన బడి సంగతి. మేము పనిచేసే వాడ బళ్లో పిల్లలు ఏటేటా తగ్గుతున్నరు. బడిబాటలో ఇల్లిల్లూ తిరుగుతుంటే పత్తి ఏరి వచ్చిన ఒక తల్లి మమ్మల్ని నిలబెట్టి అడిగింది. "సారూ, మీ బిడ్డ ఏ బళ్లె సదువుతాంది?" మేము నోరు మెదపలేదు. ఆమె కోపగించుకోలేదు. "మరి మాకెట్ల జెప్తున్నరు సారూ" అని లోపలికి పోయింది. తెల్లారి ఆ పిల్లగాడు పక్క ఊరి ప్రైవేటు స్కూలు ఆటో ఎక్కిండు. అందుకు ఆమె దొర దగ్గర కూలి ముందుగా తెచ్చుకున్నదని తర్వాత తెలిసింది.

జీతమున్న మనం ముందు నడిచినం. కూలితల్లి మన వెనక నడిచింది. మనకు చిట్టీ ఉన్నది, ఆమెకు అప్పు ఉన్నది. పిల్లలు తగ్గితే సర్దుబాటు పేరుతో పోస్టు పోతది. పోస్టు పోతే ఉన్న పిల్లలూ పోతరు. చివరికి తాళం. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టంలో ఉన్నది. ఉన్నా ఎవరు అడగాలి? అడగగలిగిన మనం ఏసీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నం.

ప్రభుత్వమూ మన దారే పట్టింది. 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26 వేల పైచిలుకు బళ్లు, 7,289 కోట్లు అన్నారు. నీళ్లు, కరెంటు, బెంచీలు వచ్చిన చోట మేలే జరిగింది. కాదనం. కానీ రంగు వేసిన గోడ పాఠం చెప్పదు కదా. డిజిటల్ బోర్డు ముందు నిలబడే మనిషి కావాలి. మరుగుదొడ్డి కడతారు, కడిగే మనిషికి జీతం పెట్టరు. అప్పుడు చీపురు ఎవరి పిల్ల చేతికి వస్తదో మనకు ఒకరు చెప్పాలా?

జోతిబా ఫూలే 1882లోనే హంటర్ కమిషన్‌కు ఈ మాట చెప్పాడు. రెక్కలు ముక్కలు చేసుకునే జనం కట్టిన పన్ను పైకులాల పెద్ద చదువులకు పోతున్నది, పేదల ప్రాథమిక బడులు ఎండిపోతున్నాయి అన్నాడు. ఇప్పుడు ఆ జనంలో నుంచి వచ్చిన మనమే మన డబ్బును మన చేతులతో అటు మోసుకుపోతున్నం.

ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ల పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బళ్లలోనే చదవాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెప్పింది. అది కాగితం మీదనే ఉండిపోయింది. కోర్టు చెప్తే జరగనిది మనం అనుకుంటే కొంతైనా జరుగుతది. రేపే అందరూ టీసీలు తెచ్చుకోండని మేము అనడం లేదు. ముందు పుట్టినరోజు గిఫ్టుల పోటీ ఆపుదాం. ఏసీ బస్సుకు, మామూలు బస్సుకు ఉన్న తేడా డబ్బు తెచ్చి అంబేద్కర్ భవనంలో సాయంత్రం చదువు నడుపుదాం. నిరుద్యోగి తమ్ముడికి ఆ డబ్బుతోనే జీతం ఇద్దాం. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్తున్నది. ఆ తల్లులకు తోడుగా నిలబడి రెండో టీచరు ఏడి అని మండల ఆఫీసులో అడుగుదాం.

మా వరకు మేము, జూన్‌లో మా చిన్నదాన్ని మేము చెప్పే బళ్లోనే ఒకటో తరగతిలో చేర్చాలనుకుంటున్నం. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. "పిల్ల బతుకుతో ఉద్యమం చేస్తావా?" అని అడుగుతున్నరు. గొడవ నడుస్తున్నది. ఆ ప్రశ్న చిన్నదేం కాదు. కానీ ఆ బళ్లో కూర్చున్న మిగతా పిల్లల బతుకు ఎవరి బతుకు? మేము వాళ్లకు చెప్పే పాఠం మా పిల్లకు పనికిరాకపోతే, ఇన్నేళ్లూ ఏ మొఖంతో జీతం తీసుకున్నట్టు?

పత్తి ఏరే ఆ తల్లి మళ్లీ ఎదురైతే ఈసారి జవాబు చెప్పాలి.

జై భీమ్.