ఒప్పుకుంటే నిజమైపోతుందా?

ఆత్మవిమర్శ మంచి మాటే. తన తప్పు తాను తెలుసుకుని దిద్దుకోవడం కంటే కావలసిందేముంది? కానీ పదిమంది ముందు నిలబెట్టి, పెద్దలు వినదలచుకున్న తప్పును మన నోటితో చెప్పిస్తే దాన్నేమనాలి?

హంగేరీ దర్శకుడు పాల్ గాబోర్ 1970ల చివర్లో తీసిన 'ఆంగి వేరా' చూపేది ఇదే. కథ 1948 నాటిది. కమ్యూనిస్టులు అధికారాన్ని గుప్పిట్లోకి తెచ్చుకుంటున్న కాలం. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసే వేరా అనే అనాథ పిల్ల ఒక సమావేశంలో లేచి అక్కడి అన్యాయాలను ధైర్యంగా ఎత్తిచూపుతుంది. పార్టీ మెచ్చుకుని ఆమెను మూడు నెలల శిక్షణకు పంపుతుంది. అక్కడ ఆమె నేర్చుకున్నదేమిటి? ఏం మాట్లాడితే పైవాళ్ళు సంతోషిస్తారో కనిపెట్టడం! పెళ్ళయిన ఉపాధ్యాయుణ్ణి ప్రేమించి, ఆత్మవిమర్శ సభలో తనే లేచి ఆ సంగతి బయటపెడుతుంది. ఆయనకు దెబ్బ తగులుతుంది, ఆమెకు పత్రికలో ఉద్యోగం దొరుకుతుంది. ఆమెను ఎవరూ కొట్టలేదు. గమనించండి.

కొట్టి చెప్పించిన చోటు మా అండమాన్. 1942 మార్చిలో జపాన్ సైన్యం ఈ దీవులను ఆక్రమించింది. గూఢచారులన్న అనుమానంతో జనాన్ని సెల్యులార్ జైల్లో పెట్టి చిత్రహింసలతో ఒప్పుకోలు రాబట్టింది. ఒకరు బాధ భరించలేక చెప్పిన పేరే మరొకరి అరెస్టుకు ఆధారం. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ లొంగలేదు. ఆ హింసలకే 1944 జనవరి 14న చనిపోయాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. దానికి సరిగ్గా నెల ముందు, 1943 డిసెంబరు 30న, సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అప్పటికి దివాన్ సింగ్ జైల్లోనే ఉన్నాడు. జనం ఉత్సాహం నిజమే, వాళ్ళ భయమూ నిజమే. జపాన్ వాళ్ళ కాపలా మధ్య వేదిక దాకా చేరింది మొదటిది మాత్రమే.

"జపాన్‌ది ఫాసిజం, హంగేరీది సోషలిజం. రెంటినీ ఒకే గాటన కడతారా?" అని మిత్రులు అడగవచ్చు. సిద్ధాంతాలు వేరే, కాదనను. నేను చూసేది రుజువును. రక్షణశాఖ అకౌంట్సులో పనిచేసినవాణ్ణి. బిల్లు మీద ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా వోచరు లేకపోతే పాస్ కాదు. హంగేరీ మాజీ మంత్రి లాస్లో రాయ్క్ 1949లో బహిరంగ విచారణలో నేరం ఒప్పుకున్నాడు. ఉరితీశారు. ఆ ఆరోపణలు అబద్ధమని తేల్చి, 1956లో అదే ప్రభుత్వం ఆయన్ను గౌరవంగా మళ్ళీ ఖననం చేసింది. సంతకం ఉంది, వోచరు లేదు! పోలీసులకిచ్చిన ఒప్పుకోలును మన సాక్ష్య చట్టం ముద్దాయిపై రుజువుగా తీసుకోనిది ఊరికే కాదు.

కాబట్టి ఏ సంఘంలోనైనా, ఏ పార్టీలోనైనా, చివరికి మన సంఘంలోనైనా, తీర్మానం ఏకగ్రీవం అనగానే మురిసిపోకండి. చప్పట్లు లెక్కపెట్టకండి. కాదన్నవాడు మర్నాడు కూడా అదే కుర్చీలో క్షేమంగా కూర్చున్నాడా? అది చూడండి.