వేల్స్ కొండ ఊరికి ఫ్లాగ్‌షిప్ ఫోన్ అక్కర్లేదు, ముందురోజు రాత్రి ఒక గంట సెటప్ చాలు

ఫోన్ కొనేముందు మనం ఏం చూస్తాం? చిప్‌సెట్, బెంచ్‌మార్క్ స్కోర్, మెగాపిక్సెల్స్, ఎన్ని నిమిషాల్లో ఫుల్ ఛార్జ్ అవుతుందో. ఇవన్నీ సిటీ లెక్కలు. సిగ్నల్ ఉండి, పక్కనే ప్లగ్ ఉన్నచోట పనికొచ్చే లెక్కలు. కొండల మధ్యకి వెళ్తే ఆ స్పెక్ షీట్‌లో సగం ఎందుకూ కొరగాదు. అందుకే నా మాట ఏంటంటే, ట్రిప్ కోసమని కొత్త ఫోన్ మీద డబ్బులు తగలెయ్యొద్దు. ఉన్న ఫోన్‌నే సరిగ్గా సెట్ చేసుకోండి, దాంతోపాటు ఫోన్ కాని మూడు వస్తువులు బ్యాగులో వేసుకోండి.

ఉదాహరణకి ఉత్తర వేల్స్‌లోని బెద్‌గెలర్ట్ తీసుకుందాం. యూకేలో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి ప్లాన్ చేసుకోదగ్గ ఊరు. గ్లాస్‌లిన్, కొల్విన్ అనే రెండు చిన్న నదులు కలిసేచోట రాతి వంతెన, బూడిదరంగు రాతి ఇళ్లు, చుట్టూ కొండలు. వేల్స్‌లోకెల్లా ఎత్తైన స్నోడన్ (1,085 మీటర్లు) ఇక్కడికి దగ్గరే. ఒక చిన్న టిప్: అక్కడి నేషనల్ పార్క్ 2022 నవంబర్ నుంచి స్నోడన్‌ని ‘ఎర్ విద్వా’ అని, స్నోడోనియాని ‘ఎరరీ’ అని వెల్ష్ పేర్లతోనే పిలుస్తోంది. మ్యాప్‌లో వెతికేటప్పుడు రెండు పేర్లూ గుర్తుంచుకోండి.

ఊరి పేరుకి అర్థం ‘గెలర్ట్ సమాధి’. లెవెలిన్ అనే రాజు వేటనుంచి తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, పెంపుడు కుక్క గెలర్ట్ మూతి నిండా రక్తం. బిడ్డని చంపేసిందనుకుని కుక్కని పొడిచేశాడు. తీరా చూస్తే బిడ్డ క్షేమంగా ఉన్నాడు, పక్కన తోడేలు చచ్చి పడుంది. ఆగండాగండి, ఇది మన పంచతంత్రంలో ముంగిస కథే కదా! అవును, అదే మూసలో ఉన్న కథ. 18వ శతాబ్దం చివర్లో ఊరికొచ్చే టూరిస్టుల్ని పెంచుకోవడానికి స్థానిక సత్రం యజమాని ఒకాయన ఈ కథని ఊరికి అంటగట్టి, సమాధిని కూడా నిలబెట్టించాడని అంటారు. ఇవాళ్టి భాషలో వైరల్ మార్కెటింగ్! సమాధి ముందు ఫొటో దిగడానికి ఇవేవీ అడ్డు కావు. కానీ కళ్లకి కనిపించిందల్లా నిజమనుకోకూడదన్న పాఠం మాత్రం కొండెక్కేటప్పుడు బాగా పనికొస్తుంది. ముఖ్యంగా స్క్రీన్ మీద కనిపించే గీత విషయంలో.

మ్యాప్‌లో గీత ఉంటే దారి ఉన్నట్టేనా?

జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. శాటిలైట్ల నుంచి సిగ్నల్ నేరుగా ఫోన్‌కే వస్తుంది. డేటా కావాల్సింది ఆ నీలం చుక్క కింద కనిపించే మ్యాప్‌కి. ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే ఖాళీ స్క్రీన్ మీద చుక్క ఒక్కటే మిగులుతుంది.

డౌన్‌లోడ్ చేసినా సరే, ఏ మ్యాప్ అన్నది ముఖ్యం. 2021లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ పర్వతం విషయంలో గూగుల్ మ్యాప్స్ చూపిస్తున్న నడకదారులు ప్రాణాంతకం కావచ్చని అక్కడి పర్వతారోహక సంస్థలు బహిరంగంగా హెచ్చరించాయి. రోడ్ల కోసం చేసిన మ్యాప్‌కి లోయ, అంచు తేడా తెలియకపోతే జరిగేది ఇదే. బ్రిటన్‌లో కొండ నడకకి ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 స్కేల్ మ్యాప్ వాడండి. కాగితం మ్యాప్ కొంటే ఫోన్లో దించుకునే కోడ్ కూడా అందులోనే ఇస్తారు.

ఇక టైమ్ అంచనా. దీనికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు ఇచ్చిన ఫార్ములా ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి అదనంగా ఇంకో గంట. బెద్‌గెలర్ట్‌కి ఉత్తరాన ఉన్న రిద్ ది అనే ఊరి నుంచి శిఖరానికి దూరం సుమారు 6.5 కిలోమీటర్లు, ఎక్కాల్సింది సుమారు 900 మీటర్లు. సమతలం లెక్కన గంటా ఇరవై నిమిషాలే. నైస్మిత్ లెక్కన దాదాపు 2 గంటల 50 నిమిషాలు. అది కూడా ఆగకుండా ఎక్కితే, ఫొటోల బ్రేక్ లేకుండా!

బ్యాటరీ ఎందుకు పడిపోతుంది?

రెండు కారణాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, చలికి లిథియం బ్యాటరీ సత్తా తగ్గుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ఫోన్‌ని బ్యాగు బయటి జేబులో కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. పవర్ బ్యాంక్ ఎలాగూ తీసుకెళ్తారు, కేబుల్ మర్చిపోకండి.

డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 4 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ చీకట్లో ఫోన్ టార్చ్ వేసుకుని కొండ దిగడమంటే, సాయం కోసం కాల్ చేయాల్సిన బ్యాటరీనే దీపానికి ఖర్చు పెట్టడం. నేను చెప్పిన మూడు వస్తువులు ఇవే: హెడ్ టార్చ్, కాగితం మ్యాప్‌తోపాటు దిక్సూచి, ఒక ఈల. నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం కొండల్లో ఆపద సంకేతం. దానికి ఛార్జింగ్ గొడవే లేదు.

ప్రమాదం జరిగితే 999 లేదా 112కి కాల్ చేసి, ముందు పోలీస్ అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. మీ నెట్‌వర్క్ లేకపోయినా, అక్కడ ఏ నెట్‌వర్క్ అందుబాటులో ఉంటే దాని మీద ఈ కాల్ వెళ్తుంది. కాల్ కుదరనంత సిగ్నల్ ఉంటే మెసేజ్ పంపొచ్చు, కాకపోతే ముందే ‘రిజిస్టర్’ అనే ఇంగ్లిష్ పదాన్ని 999కి ఎస్సెమ్మెస్ చేసి నమోదు చేసుకోవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడల్స్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్ 2022 డిసెంబర్ నుంచి యూకేలో పనిచేస్తోంది. అయితే దానికి పైన ఆకాశం బాగా కనిపించాలి. ఇరుకు లోయలో, చెట్ల కింద దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. ఇంకో మాట, వర్షంలో రాత్రిపూట మన కోసం వచ్చే ఆ రెస్క్యూ టీమ్ సభ్యులు జీతం తీసుకోని వాలంటీర్లు. మన బ్యాటరీ అజాగ్రత్తకి వాళ్ల ప్రాణాలు కూడా పణంగా పెడుతున్నట్టే.

మరి ఫోన్ ఎందుకు?

ఆనందించడానికి! శిఖరం ఎక్కాలన్న రూలేం లేదు. ఊరి నుంచి అబెర్‌గ్లాస్‌లిన్ లోయలో నది పక్కనే నడవొచ్చు. కర్నార్వన్ నుంచి పోర్త్‌మదోగ్ దాకా సుమారు 40 కిలోమీటర్లు నడిచే నేరోగేజ్ రైలు ఈ ఊళ్లోనే ఆగుతుంది. పట్టాల మధ్య వెడల్పు 60 సెంటీమీటర్లు కూడా ఉండదు. ఈ నేషనల్ పార్క్ 2015 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్ కూడా. మబ్బు లేని రాత్రి చిన్న ట్రైపాడ్ మీద నైట్ మోడ్ పెట్టి చూడండి, మిడ్‌రేంజ్ ఫోన్ కూడా ఆశ్చర్యపరుస్తుంది. డ్రోన్ మాత్రం ఆలోచించి తీయండి. ఈ చుట్టుపక్కల చాలా భూమి నేషనల్ ట్రస్ట్‌ది, వాళ్ల అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

చివరిగా, రివ్యూలు రాసే మా అందరికీ ఒక విన్నపం. తడి వేళ్లతో టచ్ పనిచేస్తుందా, చలిలో జీపీఎస్ ఆన్ చేసి ఉంచితే ఎన్ని గంటలు వస్తుంది, నెట్ లేకుండా ఏమేం పనిచేస్తాయి? గేమింగ్ టెస్ట్ పక్కన ఈ మూడు ప్రశ్నలకీ చోటివ్వాలి. మేం ఇవ్వకపోతే మీరు అడగండి.