ఉమ్మడి ప్రింటరుకు ఒకటే తూము ఉండాలి

చెరువు నీరు తూము గుండా పారితే వంతుల ప్రకారం అందరి మడికీ చేరుతుంది. గట్టుకు గండి పడితే తూము దగ్గర నీరటి ఎంత మెలకువగా ఉన్నా ప్రయోజనం లేదు. ఊరి కార్యాలయాల్లో, సొసైటీల్లో, హైస్కూళ్లలో నలుగురూ వాడుకునే ప్రింటరు సంగతీ ఇంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక చాలా కాగితాల పని ఊళ్లోకే వచ్చింది. జూన్‌లో బడులు తెరిచేవేళ ఆదాయ, కుల ధ్రువపత్రాలకు జనం బారులు తీరతారు. సరిగ్గా అప్పుడే ఎవరో సొంత పనికి రెండు వందల పేజీలు అచ్చు తీసుకుంటే టోనరు ఖాళీ అవుతుంది. 'రేపు రండి' అనే జవాబు వినవలసింది కూలి మానుకుని వచ్చినవారే. ట్రేలో వదిలేసిన కాగితాలది మరో బెడద. వాటిపై ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి.

కాబట్టి కట్టడి అవసరమే. అది ఎలా ఉండాలన్నదే ప్రశ్న. గదికి తాళం వేస్తే తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవు పెట్టిన రోజు ఊరందరికీ సెలవే. ఒకే పాస్‌వర్డు పెట్టి అందరికీ చెబితే అది తాళమే కాదు.

ఒక బల్లపై విండోస్, మరో బల్లపై లైనక్స్ కంప్యూటర్లు ఉన్నచోట చిక్కు ఇంకా ఎక్కువ. ఒక్కోదానికి ఒక్కో కట్టుబాటు పెడితే ఏదో ఒకటి మరచిపోవడం ఖాయం. ఒక కంప్యూటరును సర్వరుగా నిలిపి, ఎవరి పనైనా దాని ద్వారానే ప్రింటరుకు వెళ్లేలా చేయడం మేలు. సర్వరు విండోస్‌దైతే, పంచిన ప్రింటరుకు మామూలుగా 'ఎవ్రీవన్' పేరిట అందరికీ అనుమతి ఉంటుంది. దాన్ని తీసేసి, అర్హుల పేర్లే రాయాలి. లైనక్స్‌దైతే కప్స్ అనే వ్యవస్థలో ఎవరు వాడవచ్చో, వారానికి ఎన్ని పేజీలో రాసిపెట్టవచ్చు. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు తోడైతే విండోస్ కంప్యూటర్లూ ఆ దారినే వస్తాయి. అయితే పేరుతోపాటు పాస్‌వర్డు కూడా అడిగేలా అమర్చాలి. లేకుంటే ఒకరి పేరు చెప్పుకుని మరొకరు వస్తారు.

ఇక గండి మాట. నెట్‌వర్కు తీగ నేరుగా తగిలించిన ప్రింటర్లలో చాలావాటికి 9100 అనే పోర్టు తెరిచి ఉంటుంది. ఆ దారిన వచ్చిన పనిని ఎవరు పంపారని అడగకుండానే అచ్చు వేస్తాయి. సర్వరులో ఎన్ని పేర్లు రాసినా, ప్రింటరు చిరునామా తెలిసినవారు పక్కదారి పడతారు. అందుకే సర్వరు నుంచి వచ్చే పని తప్ప మరేదీ తీసుకోకుండా ప్రింటరు సెట్టింగుల్లోనే కట్టడి చేయాలి. దాని సొంత వైఫైనీ ఆపాలి. ఆ వీలు లేని ప్రింటరును నెట్‌వర్కు నుంచి తప్పించి, యూఎస్‌బీ తీగతో సర్వరుకే కలపాలి.

సర్వరును పెట్టి మరచిపోవడమూ తగదు. 2021 జులైలో విండోస్ ప్రింటింగ్ భాగంలో పెద్ద లోపం బయటపడితే, 2020 జనవరిలోనే మద్దతు ముగిసిన విండోస్ 7కు సైతం మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో కప్స్‌లోనూ లోపాలు బయటపడ్డాయి. సవరణలు వచ్చినప్పుడల్లా వేయించాలి.

కట్టడి పేరుతో పైరవీలకు దారి తీస్తారన్న అనుమానం కొందరికి ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అనుమతి ఉన్నవారి పేర్లు, పేజీల పరిమితి గోడమీద అతికించాలి. ఒకరు సెలవు పెట్టినా పని ఆగకుండా కనీసం ఇద్దరికి బాధ్యత అప్పగించాలి. ప్రజల ధ్రువపత్రాలకు తొలి వంతు ఇవ్వాలి. కాగితం తీసుకోవలసిన మనిషి వచ్చాకే అచ్చు వేయాలి.

వీటికి కొత్తగా పెద్ద ఖర్చేమీ లేదు. తెలిసిన మనిషి ఒక పూట కూర్చుంటే చాలు. బడులు తెరిచే జూన్ రాకముందే మండల అధికారులు ఆ మనిషిని పంపి, ఊరూరా ఈ పని పూర్తి చేయించాలి.