పదహారేళ్లకు కథ ఏదీ?

ఆడపిల్లలు ఫాంటసీ చదివితే నేల విడిచి సాము చేసినట్టేనని పెదవి విరుస్తాం. మరి నేల మీద వాళ్లకోసం ఏం రాశాం? 1947లో మొదలైన 'చందమామ' జానపదాల్లో చాలావరకు సాహసం రాకుమారుడిది, రాకుమారి బహుమతి. అది దాటగానే యద్దనపూడి 'సెక్రటరీ'. చందమామకూ పెళ్లికీ నడుమ వయసుకు మన దగ్గర పుస్తకాల అర దాదాపు ఖాళీ.

'హంగర్ గేమ్స్' (2008)లో కాట్నిస్ గనిలో తండ్రి పోయాక విల్లు పట్టి తల్లినీ చెల్లినీ పోషిస్తుంది. ఆర్మూరులో పసుపు కొమ్ములు ఏరే, బీడీలు చుట్టే తల్లుల కూతుళ్లకు ఆ బతుకు కొత్తేమీ కాదు. ఆమె మాట్లాడే ఇంగ్లీషే పరాయి. తంబాకు ఘాటు మధ్య పెరిగిన పిల్ల తెలుగు కథలో విల్లెప్పుడు పడుతుంది? స్త్రీవాదులం మనం కూడా ఆ వయసుకు ఉపన్యాసాలిచ్చినంతగా కథలివ్వలేదు. ఈ బాకీ మనమే తీర్చాలి.