ట్రాక్ లేకుండా పాడితే తప్పా?

పాత పాట పాడితే రికార్డులో ఉన్నట్టే పాడాలి, చేతకాకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. మన ప్రవాస తెలుగువాళ్ళ సంగీతశాస్త్రం మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. ఈ శాస్త్రంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. నేనుండే సిడ్నీలోనే పుట్టిన ఒక బాండు పాటలు విన్నాక ఆ పేచీ మరీ ముదిరింది. ముందు వాళ్ళ సంగతి చెప్పి, తరవాత మన సంగతికొస్తాను.

బాండు పేరు 'ది చర్చ్'. పేరు చూసి భజన బృందం అనుకునేరు, కాదు. 1980లో మొదలెట్టారు. పంక్ హోరు కాస్త సద్దుమణిగాక వచ్చిన తరం వాళ్ళది. పాటలు రాసి పాడే స్టీవ్ కిల్బీ ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమ్మానాన్నల వెంట ఇక్కడికొచ్చినవాడు. గిటారు వాయించిన మార్టీ విల్సన్-పైపర్ కూడా ఇంగ్లండు నుంచి వచ్చినవాడే. తర్వాత డ్రమ్ములు అందుకున్న టిమ్ పౌల్స్‌ది న్యూజీలాండ్. మనలాంటి వలస సరుకేనన్నమాట, కాకపోతే వీసా తిప్పలు మనకున్నన్ని ఉండి ఉండవు.

1981లో 'ది అన్‌గార్డెడ్ మూమెంట్' అనే పాట వాళ్ళకి పేరు తెచ్చింది. 1988లో 'అండర్ ది మిల్కీ వే' దేశాలు దాటించింది. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో ఆ పాట వినిపించారంటే ఇక్కడివాళ్ళు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారో మీరే ఊహించుకోండి. తమాషా ఏమిటంటే, ఆ మొదటి పాటంటే కిల్బీకి గిట్టదు. చాలా ఏళ్ళు కచేరీల్లో దాన్ని పాడకుండా తప్పించుకు తిరిగాడు. జనం మాత్రం అదే అడుగుతారు కదా!

2004లో వీళ్ళు ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పడేసి, మామూలు గిటార్లతో తమ పాత పాటల్నే మళ్ళీ పాడి ఒక ఆల్బం చేశారు. దాని పేరు 'ఎల్ మొమెంతో దెస్కుయిదాదో'. కిల్బీకి గిట్టని ఆ పాట పేరే, స్పానిష్‌లో! మెడకి గుదిబండైన పాటనే తెచ్చి ఆల్బం నెత్తిన పెట్టాడు. అందులో వెటకారం ఉంది, ఒక రకమైన రాజీ కూడా ఉంది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు దూకుడుగా పాడినదాన్ని యాభైకి దగ్గర పడ్డ మనిషి నిదానంగా పాడుతుంటే, అవే మాటలకి బరువు మారిపోయింది. నేను మొదట విన్నది ఈ కొత్తదే. పాతది తర్వాత విన్నాను. నాకు రెండూ కావాలి. ఒకటి ఉంటే రెండోది చెడిపోతుందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

"అదంతా అమ్ముకోడానికేలెండి" అంటారు. నిజమే, ఒక కంపెనీ పాత కళాకారులందరి చేతా ఇలా పాత పాటలు తీగలు పీకి పాడించిన వరసలో వచ్చిన ఆల్బమే ఇది. ఆ ధోరణిలో చప్పగా ఉండేవి చాలా వస్తాయి. కానీ అమ్మకానికి పెట్టినంత మాత్రాన వంట చెడిపోదు. వీళ్ళు ముందు నుంచీ తమ పాత సామాను తిరగేసుకునే అలవాటున్నవాళ్ళు. ఆల్బముల్లో చోటు దక్కక మూల పడ్డ పాటల్ని 1991లో 'ఎ క్విక్ స్మోక్ ఎట్ స్పాట్స్' పేరుతో బయటికి తీశారు. 2011లో సిడ్నీ ఒపేరా హౌస్‌లో అవే పాత పాటలని పెద్ద ఆర్కెస్ట్రాతో పాడారు. ఇవాళ మొదటివాళ్ళలో కిల్బీ ఒక్కడే మిగిలాడు, 2020లో పీటర్ కోపెస్ కూడా వెళ్ళిపోయాడు. అయినా పాటలు ఆగలేదు.

ఇప్పుడు మన సంగతి.

ఇక్కడ ఒక తెలుగు సంఘం ఉగాది పోటీలకి వెళ్ళాను. పేరు అనవసరం, ఏ ఊరి సంఘమైనా ఒకటే. పదమూడేళ్ళ పిల్ల ఒక అన్నమయ్య కీర్తన పాడింది. గొంతు శుద్ధంగా ఉంది, ఉచ్చారణ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కంటే నయం. వాళ్ళ గురువుగారు వేరే రాగంలో నేర్పారట. న్యాయనిర్ణేత కాగితం మీద 'బాణీ తప్పు' అని రాసి మార్కులు కోసేశారు.

అయ్యా, ఏ బాణీ? అన్నమయ్య పదిహేనో శతాబ్దం మనిషి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆ బాణీలు కాలగర్భంలో కలిసిపోయాయి. ఇప్పుడు మనం చెవులప్పగించి వినేవి చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, బాలకృష్ణప్రసాద్‌గారు కట్టినవి. మహానుభావులు, అవి లేకపోతే మనకి అన్నమయ్యే లేడు. వాళ్ళు ధైర్యం చేశారు కాబట్టే పాట బతికింది. వాళ్ళు చూపించిన ధైర్యాన్ని ఆ పిల్ల గురువుగారు చూపిస్తే తప్పెలా అయింది? క్యాసెట్‌లో ఉన్నదే సనాతనం అనుకునే ఈ రోగానికి వయసు యాభై ఏళ్ళకి మించదు.

"అయితే రీమిక్సులు కూడా మంచివేనంటావా?" అని మీరడుగుతారని తెలుసు. అనను. 'యమగోల' పాటని 2007లో 'యమదొంగ'లో వాడుకున్నారు. 'ఖైదీ నెంబర్ 786' పాట 2015లో 'సుబ్రహ్మణ్యం ఫర్ సేల్'లో, 'దేవత' పాట 2019లో 'గద్దలకొండ గణేష్'లో మళ్ళీ వచ్చాయి. థియేటర్లో ఈలలు పడ్డాయి, నేనూ కాలు ఆడించాను. కానీ ఆ పాటలో ఇన్నాళ్ళూ వినపడనిది ఏదైనా కొత్తగా వినిపించిందా? లేదు. పాటని మళ్ళీ ఆలోచించలేదు, మన జ్ఞాపకాన్ని చెక్కులా మార్చుకున్నారు, అంతే.

పాట కట్టినవాడే మళ్ళీ పాడాలని కూడా నేననను. ది చర్చ్ వాళ్ళే 2007లో ఇలాంటి రెండో ఆల్బంలో 'వైడ్ ఓపెన్ రోడ్' పాడారు. అది వాళ్ళది కాదు, పెర్త్‌లో పుట్టిన 'ది ట్రిఫిడ్స్' బాండుది. రాసిన డేవిడ్ మెకూంబ్ 1999లోనే పోయాడు. వింటుంటే చనిపోయినవాడి ఇంటికి పరామర్శకి వెళ్ళినట్టుంటుంది. అనుమతి ఎవరిచ్చారన్నది వకీళ్ళ గొడవ. నేనడిగేది పాడేవాడు ఆ పాటని పాడే ముందు విన్నాడా లేదా అని.

వకీళ్ళంటే గుర్తొచ్చింది. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజాగారి నుంచి లీగల్ నోటీసు వెళ్ళింది. పాట కట్టినవాడికి డబ్బు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. మనవాళ్ళందరూ వాట్సాప్‌లో రెండు జట్లుగా చీలి నెలరోజులు తిట్టుకున్నారు. డెబ్భై ఏళ్ళ ఆ గొంతు నలభై ఏళ్ళ నాటి పాటని ఇప్పుడెలా పాడుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ నవ్వుతోంది అన్న మాట మాత్రం నేను చూసిన ఒక్క గుంపులోనూ రాలేదు. మనకి కావల్సింది ఆయన కాదు, ఆయన పాత రికార్డు. ఆయన 2020లో వెళ్ళిపోయారు. రికార్డు ఎలాగూ ఉంది.

ఇది పాటల గొడవే అయితే ఇంత నోరు చేసుకోను. మన భాష విషయంలోనూ ఇదే చేస్తున్నాం. 1998లో విమానం ఎక్కినవాడి తెలుగు 1998 దగ్గరే ఆగిపోతుంది, అదే అసలు తెలుగని పిల్లల మీద రుద్దుతాడు. హైదరాబాదులో ఈలోగా భాష ఎక్కడికో వెళ్ళిపోయింది. వెస్ట్‌మీడ్‌లో పుట్టిన పిల్లవాడు తనకొచ్చిన యాసలో, తనకొచ్చిన మాటల్తో ఏదో అంటాడు. వెంటనే నలుగురు నవ్వుతారు. ఆ తర్వాత వాడు తెలుగులో నోరు విప్పడు. పదహారేళ్ళకి కార్యక్రమాలకి రావడం మానేస్తాడు, మనం 'ఈ కాలం పిల్లలు' అని నిట్టూరుస్తాం.

నాకు తెలిసిన ఒక కుర్రాడు వాళ్ళ అమ్మమ్మకి ఇష్టమైన ఘంటసాలగారి పాటని గిటారు మీద సగం వేగంలో పాడతాడు. 'ళ' సరిగ్గా పలకదు. వింటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దీపావళి కార్యక్రమంలో పాడతానని పేరిచ్చాడు. "కరావోకె ట్రాక్ ఉందా? లేకపోతే కష్టం బాబూ" అన్నారు. వాడు ఆ పాటని వాళ్ళ కాలేజీ వేడుకలో పాడి వచ్చాడు. విన్నవాళ్ళలో ఒక్క తెలుగువాడూ లేడు.

సంఘాల పెద్దలకి నా కోరిక చిన్నది. వచ్చే ఉగాదికి నాలుగు గంటల కార్యక్రమంలో ఒక్క అరగంట ట్రాక్ లేకుండా ఇవ్వండి. పోటీ వద్దు, మార్కులు వద్దు, ముందు వరసలో కాగితాలు పట్టుకుని ఎవరూ కూర్చోవద్దు. ఎవరికి వచ్చిన పాత పాట వాళ్ళు తమకి తోచినట్టు పాడతారు. నచ్చనివాళ్ళు ఆ అరగంట బయట పులిహోర పొట్లాలు కట్టొచ్చు. అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే.