కూలీ కాలికి వెల కట్టేదెవరు?

బస్సు బోల్తా పడిన మర్నాడు మంత్రులు వస్తారు. ఆస్పత్రి వార్డులో మంచాల మధ్య నడుస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. చనిపోయినవారి కుటుంబానికి ఇంత, గాయపడినవారికి ఇంత అని పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడుతుంది. వారం తిరిగేసరికి అంతా సద్దుమణుగుతుంది. కాలులో రాడ్డు వేయించుకుని ఇంటికి చేరిన కూలీ, నడుం పడిపోయి మంచం పట్టిన కూలీ ఆ తర్వాత ఏమయ్యారో ఎవరికీ పట్టదు. చనిపోయినవారి పేర్లు కనీసం జాబితాలోకి ఎక్కుతాయి. బతికి బయటపడి, మళ్ళీ పొలంలోకి దిగలేకపోయినవారి గురించి ఈ వారం నాలుగు మాటలు రాయదలచాం.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలోకి దొర్లింది. అరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పట్టాల్సిన జనం కంటే ఎంతో ఎక్కువమందిని ఎక్కించుకుని దిగుతున్న బస్సు అది. అందులో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల పేదలే. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో, తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సు, కంకర లోడుతో వస్తున్న టిప్పరు ఢీకొన్నాయి. కంకర బస్సులోని జనం మీద కుమ్మరించినట్టు పడింది. పందొమ్మిది మంది పోయారు. రెండు చోట్లా చావుల పక్కనే గాయాలూ వున్నాయి. ఆ గాయాలకు చట్టం ఏమిస్తుంది, అది చేతికి రాకుండా అడ్డుపడేదేమిటి అన్నదే మన ప్రశ్న.

మొదట ఒక భ్రమ తొలగాలి. ఎక్స్‌గ్రేషియా వేరు, నష్టపరిహారం వేరు. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో వారిష్టం. నష్టపరిహారం హక్కు. 1956లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ప్రమాద బాధితుల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు దారి వేశారు. ఇప్పుడు అమలులో వున్న 1988 చట్టంలో 166వ సెక్షను కింద ఆ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. సాధారణంగా జిల్లా కోర్టుల్లోనే ఈ ట్రిబ్యునళ్ళు వుంటాయి. ప్రమాదం ఎక్కడో దూరాన జరిగినా అక్కడికే పోనక్కరలేదు, మీరు కాపురముండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే కేసు వేయవచ్చు. మిరపకోతకు పొరుగు జిల్లాకు పోతూ దెబ్బతిన్నవారికి ఈ సంగతి చాలా ముఖ్యం. "ఎక్స్‌గ్రేషియా తీసుకున్నావుగా, ఇంక కేసేమిటి" అని ఎవరన్నా అంటే నమ్మవద్దు.

ఇంకో అనుమానం మహిళలది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు కట్టకుండా ఎక్కినవారికి పరిహారం వుంటుందా? తప్పకుండా వుంటుంది. డ్రైవరు నిర్లక్ష్యానికి సంస్థ జవాబుదారీ, టికెట్టు వెలతో దానికి సంబంధం లేదు. అయితే ఆ జీరో టికెట్టును చించి పారేయకండి. మీరు ఆ బస్సులో వున్నారనడానికి అది సాక్ష్యం.

ఇక అసలు పోరాటం శాతం దగ్గర. వైకల్యం ఎంత శాతం అన్న ఒక్క అంకె మీద కూలీ కుటుంబం భవిష్యత్తు ఆధారపడి వుంటుంది. డాక్టరు మోకాలు వంచి చూసి ముప్ఫై శాతమని రాస్తాడు. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాడికి అది ముప్ఫై శాతమే కావచ్చు. నాట్లు వేసే మనిషికి, రోజంతా వంగి కలుపు తీసే మనిషికి, తలమీద మూట మోసే మనిషికి వంగని మోకాలు ముప్ఫై శాతమా? ఆమెను ఏ మేస్త్రీ ముఠాలోకి పిలుస్తాడు? సుప్రీం కోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. చూడవలసింది శరీరం ఎంత శాతం దెబ్బతిన్నదని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఎడమచెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు. అదే చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు పూర్తిగా పోయినట్టేనని ఆ తీర్పే ఉదాహరణ ఇచ్చింది. వ్యవసాయ కూలీకి ఇంతకంటె దగ్గరి మాట ఏముంది?

ఒక లెక్క కట్టి చూద్దాం. ముప్ఫై ఎనిమిదేళ్ళ కూలీ, నెలకు పదివేల సంపాదన అనుకుందాం. నలభై ఏళ్ళలోపువారికి రాబోయే పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది కలిపితే నెలకు 14,000, ఏడాదికి 1,68,000. ఆ వయసుకు 15తో గుణించాలన్నది 2009 నాటి సరళా వర్మ కేసు పట్టిక. మొత్తం 25,20,000. ముప్ఫై శాతం అంటే ఆమెకు వచ్చేది 7,56,000. సంపాదన శక్తి అరవై శాతం పోయిందని రుజువైతే 15,12,000. ఒక్క అంకె మారితే ఏడున్నర లక్షల తేడా! మందుల ఖర్చు, మంచంపట్టిన నెలల కూలీ, పక్కన కూర్చుని చేసినవారి కష్టం, పడ్డ బాధ, ఇవన్నీ దీనికి అదనం.

ఈ అంకెను రుజువు చేయడం సర్టిఫికెట్టు ఒక్కదానితో అయ్యే పని కాదు. పింఛను కోసం తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్టు చూపి ఊరుకునే ప్లీడర్లున్నారు. వైద్యం చేసిన డాక్టరును బోనెక్కించి, ఈ మనిషి వంగగలదా, బరువు ఎత్తగలదా, గట్టు మీద నడవగలదా అని అడిగించాలి. కూలీ ఏమేం పనులు చేసేదో తోటి కూలీలు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఇది సంఘం చేయగల పని, సంఘమే చేయవలసిన పని.

శాతం తర్వాత కూలీరేటు. కూలీ చేతికి జీతం చీటీ వుండదు. మేస్త్రీ లెక్క మేస్త్రీ జేబులో వుంటుంది. కంపెనీ ప్లీడరు లేచి "ఆదాయానికి రుజువేదీ" అంటాడు. రుజువు లేదని ఏదో ఒక చిన్న అంకె వేసేయడం ట్రిబ్యునళ్ళలో అలవాటైపోయింది. 2011లోనే రామచంద్రప్ప అనే కూలీ కేసులో, కూలీవాడి దగ్గర కాగితాలు ఎక్కడనుంచి వస్తాయి, ఆ కాలపు కూలీరేట్లను బట్టి నమ్మదగినదైతే అతను చెప్పిన ఆదాయాన్నే ఒప్పుకోవాలన్న దారి సుప్రీం కోర్టు చూపించింది. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాల జీవోను కొలతగా చూపవచ్చు. ఉపాధి పనుల జాబ్ కార్డు, మస్టరు నమోదులు, బ్యాంకు పాసుబుక్కు ఏదున్నా పనికివస్తుంది. ఇంట్లో ఆమె చేసే వంట, పిల్లల పెంపకం, పాడిపని కూడా వెల కట్టవలసిన శ్రమేనని 2010లో, మళ్ళీ 2021లో సుప్రీం కోర్టు అన్నది. ఆడకూలీల కేసుల్లో ఈ సంగతి ఎత్తకుండా వదిలేసే ప్లీడర్లే ఎక్కువమంది అని మా అభిప్రాయం.

తప్పు ఎవరిదన్న వాదనతో బాధితులను ఏళ్ళ తరబడి తిప్పడం మరో ఎత్తు. బస్సువాడు టిప్పరు మీదకి, టిప్పరువాడు బస్సు మీదకి నెడతారు. లోపల కూర్చున్న ప్రయాణికుడికి ఆ తగవుతో పని లేదు. రెండు వాహనాల నిర్లక్ష్యం వున్నప్పుడు ఇద్దరిలో ఎవరి మీదనైనా పూర్తి పరిహారం కోరవచ్చునని 2015లో సుప్రీం కోర్టు తేల్చింది. వాళ్ళ వాటాలు వాళ్ళు తర్వాత తేల్చుకుంటారు. క్రిమినల్ కేసులో డ్రైవరును వదిలేశారు కాబట్టి పరిహారం లేదన్న మాట కూడా చెల్లదు. తమిళనాడులో రాత్రివేళ ఒక బస్సు, కిందకి వేలాడుతున్న హైటెన్షను తీగకు తగిలి ఎనిమిదిమంది అక్కడికక్కడే పోయారు. డ్రైవరును కోర్టు వదిలేసిందని యజమాని వాదించాడు. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చి, సాంకేతిక సాకులతో యజమానులు తప్పించుకోరాదని ట్రిబ్యునళ్ళను హెచ్చరించారు.

ఆర్టీసీ బస్సయితే తరచు ఇన్సూరెన్సు కంపెనీ వుండదు. సొంత నిధి పెట్టుకున్న ప్రభుత్వ రవాణా సంస్థలకు చట్టం ఆ మినహాయింపు ఇచ్చింది. అందుకని సంస్థే చెల్లించాలి. తీర్పు వచ్చాక కూడా చెల్లించక, చివరికి కోర్టు బస్సును జప్తు చేసినప్పుడు గాని డబ్బు కదలని కేసులు మన జిల్లాల్లో కొత్త కాదు. ప్రభుత్వ రంగ సంస్థను కాపాడుకోవాలని కోరేవాళ్ళం మేము. కానీ ఆ సంస్థ లోటును కాలు విరిగిన కూలీ నెత్తిన రుద్దడాన్ని ఒప్పుకోలేం.

బస్సు రాని ఊళ్ళ సంగతి ఇంకా ఘోరం. అక్కడ కూలీలను ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్ల మీద, లారీల్లో కుక్కి తీసుకుపోతారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అప్పుడు మిగిలేది అప్పులపాలైన బండి యజమాని ఒక్కడే. అదే దెబ్బ, అదే కాలు. ఎక్కిన బండిని బట్టి ఒకరికి పరిహారం, ఒకరికి ఖాళీ చేతులు. కూలీలకు బస్సు వేయాలన్న డిమాండు వెనుక ఈ సంగతి కూడా వుందని కార్యకర్తలు గుర్తించాలి.

గడువు మాటకు వద్దాం. 1988 చట్టంలో వున్న ఆరు నెలల గడువును 1994లో తీసేశారు. 2019 సవరణలో దాన్ని మళ్ళీ తెచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టారు. ఆరు నెలలంటే విరిగిన తొడ ఎముక అతుక్కోవడానికే చాలని కాలం! గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది మధ్యంతరం మాత్రమే. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలల్లోపే దరఖాస్తు పడాలి.

అదే సవరణలో ఇంకో ఉచ్చు వుంది. తప్పెవరిదో చూడకుండా తీవ్రగాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు 164వ సెక్షను కింద ఇస్తారు. వినడానికి బాగానే వుంది. కానీ కంపెనీతో ఆ డబ్బుకు ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన కేసు రద్దవుతుంది. పైన కట్టిన పదిహేను లక్షల లెక్క పక్కన ఈ రెండున్నర పెట్టి చూడండి. లోక్ అదాలత్ రాజీ కూడా అంతే. అక్కడ సంతకం పెడితే అప్పీలు లేదు. అన్ని రాజీలూ చెడ్డవని మేము అనడం లేదు, పదేళ్ళు తిరగడం కంటె కొన్ని మేలే. సంతకానికి ముందు లెక్క కట్టి చూడాలి, అంతే.

ఆస్పత్రి గేటు దగ్గర ఎదురుచూసే బ్రోకర్ల గురించి చెప్పనక్కరలేదు. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు, వచ్చినదాంట్లో ఇంత వాటా అని మాట్లాడుకుంటారు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్లీడర్లకు నిషేధం. ఉచిత న్యాయసహాయం మాత్రం చట్టంలోనే వుంది. 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది, 1987లో న్యాయసేవల చట్టం వచ్చింది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో ప్లీడరును ఇవ్వాలి. తక్కినవారికి ఆదాయ పరిమితి వుంది. అంటే వ్యవసాయ కూలీల్లో అత్యధికులకు ఈ హక్కు వున్నది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ, కింది కోర్టుల దగ్గర మండల కమిటీ వుంటాయి. ఫోను నంబరు 15100. అక్కడ ఇచ్చే ప్లీడర్లందరూ శ్రద్ధగా పనిచేస్తారని మేము పూచీ పడలేం. అందుకే వాయిదా వాయిదాకూ సంఘం మనిషి ఒకరు వెంట వెళ్ళాలి.

మొదటి వారంలో చేయవలసిన పనులున్నాయి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం ప్రమాదం జరిగిన నాటినుంచి ఏడు రోజులదాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం చేయాలి. గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చేరితేనే అది పూర్తిగా అందుతుంది. ఎఫ్.ఐ.ఆర్.లో గాయపడిన ప్రతి ఒక్కరి పేరూ ఎక్కిందా అని స్టేషనుకు పోయి చూడాలి. పెద్ద ప్రమాదాల్లో "మరికొందరు" అన్న మాట కింద మన మనుషులు మాయమైపోతారు. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నుంచి నియమం వుంది. పంపారా లేదా అని అడిగే మనిషి లేకపోతే ఆ నియమం అల్మారాలోనే వుంటుంది. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, ఆరోగ్యశ్రీ కింద చేయించినా సరే, ఆస్పత్రి ఇచ్చిన ప్రతి చీటీ ఒక సంచిలో భద్రం చేయించాలి.

సరుకుల బండిలో దెబ్బతిన్న కూలీకి ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునేలా చట్టం మార్చాలి. ఆరు నెలల గడువు పూర్తిగా ఎత్తివేయాలి. కనీస వేతనానికి తక్కువగా ఏ కూలీ ఆదాయాన్నీ కట్టకూడదు. జిల్లా ఆస్పత్రుల్లో ప్రమాద వార్డుకే న్యాయసేవల మనిషి రావాలి. వచ్చే మండల మహాసభల తీర్మానాల్లో ఈ నాలుగూ చేర్చవలసిందిగా వ్యవసాయ కార్మిక సంఘాల శాఖలను కోరుతున్నాం. ఈలోగా ప్రతి శాఖా తన గ్రామంలో గత ఆరు నెలల్లో బస్సు, ఆటో, ట్రాక్టరు ప్రమాదాల్లో గాయపడి ఇంకా కేసు వేయని వారి పేర్లు రాసుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని న్యాయసేవల కమిటీ ఆఫీసుకు వెళ్ళాలి.