గెయిన్‌కి పాట్ వద్దు, రోటరీ స్విచ్చే బెస్ట్

గండికోట దగ్గర పెన్నా లోయ సౌండ్‌ని స్టీరియోలో రికార్డ్ చేయాలంటే ప్రీయాంప్ రెండు ఛానెళ్ల గెయిన్ సమానంగా ఉండాలి. డ్యూయల్ పాట్‌తో ఆ మ్యాచింగ్ కష్టం, పైగా దుమ్ము చేరితే గరగర. అందుకే నా ఓటు 1% రెసిస్టర్లు పెట్టిన రెండు పోల్స్ రోటరీ స్విచ్‌కే. నిన్న పెట్టిన గెయిన్ రేపూ అంతే వస్తుంది. మెట్ల మధ్య తేడాని ఎడిటింగ్‌లో సర్దుకోవచ్చు.

కానీ వైరింగ్ దగ్గర జాగ్రత్త. నాన్‌ఇన్వర్టింగ్ ఆప్‌యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ని 10 కిలోఓమ్స్‌తో ఫిక్స్ చేసి, గ్రౌండ్ వైపు రెసిస్టర్‌నే మార్చండి: 1.1 కిలోఓమ్స్ అయితే సుమారు 20 డెసిబెల్స్, 100 ఓమ్స్ అయితే 40. తిప్పేటప్పుడు కాంటాక్ట్ క్షణం వదిలినా గెయిన్ 1కి పడుతుంది, అంతే. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ని స్విచ్ చేశారో, లూప్ తెగి 'ఢబ్' మంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఉన్నది మీ చెవులే!